నిన్నటి నీలం

సుభద్రకు జవాబు దొరికింది. ఇక గఫూర్ సార్ 'ఊ' అనడం ఒక్కటే మిగిలింది. ఆ 'ఊ' మాత్రం రావడం లేదు.

ఆమె రాసిన పరిశోధన పేపరు ఆయన బల్ల మీద ఎన్నాళ్ళ నుంచో పడి ఉంది. ఆయన చదివారు. బొమ్మలను కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద కళ్ళజోడు డబ్బా పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. బాగుందని అనలేదు, బాగాలేదని కూడా అనలేదు. అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నారు. గఫూర్ సార్ 'చూద్దాం' ఎంత పొడుగుంటుందో ఆ ల్యాబులో చదివినవాళ్ళందరికీ తెలుసు.

సుభద్రకు అంత తీరిక లేదు. పుణేలో ఎవరో తాను చదువుతున్న జీన్ మీదే పనిచేస్తున్నారని విన్నది. వచ్చే వారం బెంగళూరులో పెద్ద సమావేశం ఉంది. అక్కడ ఎవరు ముందు చెబితే ఆ మాట వాళ్ళదైపోతుంది. రెండోవాళ్ళు అంతే కష్టపడి ఉండొచ్చు, అదే మాట ఇంకా బాగా చెప్పొచ్చు, కానీ అప్పటికి వినేవాళ్ళు భోజనాలకు లేచి ఉంటారు. ఎండాకాలం దాటితే ఆమె ఫెలోషిప్పు కూడా అయిపోతుంది. ఇన్నేళ్ళ చదువుకు చూపించుకోవడానికి ఆమె దగ్గర ఉన్నది ఈ ఒక్క ఫలితమే.

ఆమె చదువు జిగురుబూజు మీద. మైదుకూరు నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, బూజు దులిపేదానికి చీపురు చాలదా, ఇంత చదువెందుకే అని ఎగతాళి చేస్తుంది. ఇది గోడ మూలల్లో పట్టే బూజు కాదని చెప్పి చెప్పి సుభద్రకు విసుగొచ్చింది. ఇప్పుడు తానూ నవ్వి ఊరుకుంటోంది.

నిజానికి అది బూజే కాదు. అడవిలో తడి ఆకుల కింద, మట్టిలో, కంటికి కనిపించని ఒంటరి కణాలుగా బతుకుతుంది. తినడానికి బ్యాక్టీరియా దొరికినంత కాలం ఏ కణం బతుకు దానిదే. తింటుంది, రెండవుతుంది, మళ్ళీ తింటుంది. పక్కవాళ్ళ ఊసు పట్టదు. తిండి అయిపోయినప్పుడు మాత్రం వాటికి చుట్టాలు గుర్తొస్తారు. ఒకదాన్నొకటి పిలుచుకుని, వేల కణాలు ఒక్కచోట కుప్పపడతాయి. ఆ కుప్ప పెంకు లేని పిల్ల నత్తలా పాకుతూ వెలుతురు వైపు కొంత దూరం పోతుంది. తర్వాత ఆగి, నిలువుగా లేస్తుంది. కొన్ని కణాలు కాడగా మారి చచ్చిపోతాయి. మిగిలినవి ఆ కాడ పైకెక్కి, కొసన చిన్న బొట్టులా చేరి, బీజాలై మంచి రోజుల కోసం ఎదురుచూస్తాయి.

ఎం.ఎస్సీ.లో గఫూర్ సార్ ఈ పాఠం చెప్పిన రోజున సుభద్ర వెనక బెంచీలో కూచుని కళ్ళు తుడుచుకుంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన చూశారు. చదువైపోయాక ఆమె ఇంకెక్కడికీ పోకుండా ఆయన దగ్గరే పరిశోధనకు చేరింది.

కడప ఎండలకూ ఈ జీవికీ అస్సలు పడదు. కొంచెం వేడెక్కితే చాలు, ముడుచుకుపోతుంది. అందుకని ఆ ల్యాబులో ఉన్న ఒక్క ఏసీ గదీ, దానికున్న జనరేటరూ కణాలవే. మనుషులకు ఫ్యాను, అదీ కరెంటుంటే. సార్ బల్ల ఫ్యాను కింద ఉండేది, కణాలు పెంచే ప్లేట్లు ఏసీలో ఉండేవి. ఎవరైనా పెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చి చెమటలు తుడుచుకుంటూ ఏసీ గదిలో కూచుందామంటే, లోపల పసిబిడ్డలున్నారని చెప్పి బయటే కుర్చీ వేసేవారు.

సుభద్ర పట్టుకున్న ప్రశ్న వినడానికి తేలిగ్గానే ఉంటుంది. అన్ని కణాల్లోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. మరి కాడ కట్టే జీన్ కాడలోనే ఎందుకు పనిచేస్తుంది? బీజంలో ఎందుకు చేయదు? తింటూ తిరిగే రోజుల్లో ఎందుకు మెదలకుండా పడి ఉంటుంది? జవాబు జీన్‌లో ఉండదు, జీన్‌కు ముందున్న డీఎన్ఏ ముక్కలో ఉంటుంది. దాన్ని ప్రమోటర్ అంటారు. వంట ఎలా చేయాలో జీన్‌కు తెలుసు. పొయ్యి ఏ ఇంట్లో ముట్టించాలో, ఎప్పుడు ముట్టించాలో చెప్పేది ప్రమోటర్.

ఆమె ఆ ప్రమోటర్‌లో ఒక్కోసారి ఒక్కో చిన్న ముక్క కోసేసింది. మిగిలినదాన్ని ఒక రంగు జీన్‌కు అతికించి కణాల్లోకి పంపింది. ప్రమోటర్ పనిచేసిన కణంలో ఒక ఎంజైము తయారవుతుంది. ఆ ఎంజైము ఉన్న కణాల మీద మందు పోస్తే అవి నీలంగా మారతాయి. ఏ ముక్క తీసేస్తే నీలం ఎక్కడ పోయింది, ఎక్కడ కొత్తగా వచ్చింది అని చూసుకుంటూ పోవాలి. చెప్పడానికి రెండు మాటలు. చేసేటప్పటికి ఆమె జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

చాలా ముక్కలు తీసినా ఏమీ కాలేదు. కొన్ని తీస్తే నీలం మొత్తానికే పోయింది. చివరికి ఒక ముక్క దొరికింది, వేలెడు కూడా లేని వరసలో గోరంత. ప్రమోటర్ మొత్తం ఉన్నప్పుడు కాడ ఒక్కటే నీలం, పైన బొట్టు తెల్లగా ఉంటుంది. ఈ ముక్క తీసేస్తే కాడా నీలమే, బొట్టూ నీలమే. సుభద్రకు ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. బీజాల్లో ఆ జీన్ నోరు నొక్కి ఉంచేది ఈ ముక్కే. ఇది లేకపోతే బీజం కూడా కాడ పని మొదలుపెడుతుంది. పేపరులో ఆమె రాసింది ఇదే. మొదటి బొమ్మగా ఆ నీలి బొట్టు ఫొటో పెట్టింది. అది నిజంగానే చాలా అందంగా ఉంది.

గఫూర్ సార్ ల్యాబులో ఒక అలవాటు ఉండేది. రంగు మందు వేయాలంటే ముందు కణాలను చంపి, ఉన్నవాటిని ఉన్నట్టుగా బిగించాలి. అలా చంపే ముందు ప్రతివాళ్ళూ ఆ ప్లేటును, ప్రాణం ఉండగా, కాసేపు మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూడాలి. ఏం చూడాలి సార్, ఎలా చూడాలి అని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. "పలకరించినట్టు" అనేవారు ఆయన. అంతకు మించి చెప్పేవారు కాదు.

మొదట్లో సుభద్ర ఆ అలవాటు బుద్ధిగా పాటించింది. రానురాను ప్లేట్లు ఎక్కువయ్యాయి, తీరిక తగ్గింది. అసలు సంగతి అది కూడా కాదు. నీలం రుచి తెలిశాక ప్రాణంతో ఉన్న కణాల మీద ఆమెకు మనసు పోలేదు. అవి గాజు మీద నీటి మరకల్లా ఉంటాయి. నీలం పడితేనే కదా ఏది ఏమిటో తెలిసేది. మెల్లగా ఆమె ప్లేటు రాగానే చంపడం, మందు వేయడం, ఫొటో తీయడం మొదలుపెట్టింది. సార్ చూశారో లేదో తెలియదు.

బెంగళూరుకు పంపాల్సిన గడువు దగ్గర పడిన రోజున ఆమె ఇక ఆగలేక ఆయన గదిలోకి వెళ్ళింది. బయట ఎండ మండిపోతోంది. కరెంటు లేదు. ఆయన పాత పత్రికతో విసురుకుంటూ కూచుని ఉన్నారు. ఆమె పేపరు సంగతి ఎత్తింది. పుణే సంగతి చెప్పింది. గడువు చెప్పింది. ఆయన అన్నీ విని, నీలం ఎప్పుడొచ్చిందమ్మా అని అడిగారు.

బీజాల్లో వచ్చింది సార్, మొదటి బొమ్మలోనే ఉంది కదా అంది సుభద్ర.

"యాడ వచ్చిందని కాదమ్మా. ఎప్పుడు అంటాండా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఎక్కడ, ఎక్కడ అని వెతికి, ఎక్కడో కనిపెట్టి తెస్తే, ఇప్పుడు ఎప్పుడు అంటారేమిటి. కావాలని అడ్డం వేస్తున్నట్టే తోచింది. తోచిన వెంటనే, డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిన ఆ పాత కథ ఆమె నాలుక మీదికి వచ్చేసింది.

కొత్తగా చేరినవాళ్ళకు క్యాంటీను ఎక్కడ, లైబ్రరీ ఎప్పుడు తీస్తారు అని చెప్పాక, ఆ తర్వాతి కబురుగా చెప్పే కథ అది. గఫూర్ సార్ కుర్రతనంలో ఏదో కనిపెట్టానని పెద్ద పత్రికలో రాశారు. పేరు మోగిపోయింది. కొన్నాళ్ళకు అది తప్పని తేలింది. పత్రికకు రాసి వెనక్కి తీసుకున్నారు. ఆ తప్పును పట్టుకున్నది ఆయనే, ఎవరూ అడక్కుండానే రాసిందీ ఆయనే. ఆ సంగతి మాత్రం చేతులు మారుతున్న కథలోంచి ఎప్పుడో జారిపోయింది. తప్పు ఒక్కటే మిగిలింది. ఆయన పేపర్లు ఎందుకు ఆలస్యం చేస్తారని ఎవరైనా అడిగితే, పెద్దవాళ్ళు కన్ను గీటి ఆ కథ చెప్పేవాళ్ళు.

"మీకు ఆ భయం ఇంకా పోలేదు సార్," అంది సుభద్ర. "అప్పుడు మీరు తప్పు చేసినారని, ఇప్పుడు నన్ను నోరు తెరవనీకుండా చేస్తాండారు."

ఆ గదిలో ఆయనతో అలా ఎవరూ మాట్లాడి ఉండరు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది, ఆమె కూడా కోప్పడి తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయేది. ఆయన కోప్పడలేదు. విసురుకుంటున్న పత్రిక బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

చివరికి, ఆ ముక్క తీసేసిన కణాల ప్లేటు ఏదైనా ఇప్పుడు పాకే దశలో ఉందా అని అడిగారు. ఉందని చెప్పింది. అయితే తీసుకురమ్మన్నారు.

ఆ ప్లేటు ఆమె బెంగళూరు కోసమే పెంచుతోంది. అన్నిటిలోకి చక్కగా వచ్చినది అదే. పిల్ల నత్తలు సన్నగా, ఏపుగా, అన్నీ ఒకే వైపుకు తిరిగి పాకుతున్నాయి. తెల్లారేసరికి నిలువుగా లేస్తాయి. అప్పుడు మందు వేసి, ఇంకా మంచి ఫొటో తీసి, పేపరులో పాతదాని బదులు పెట్టాలని ఆమె ఆశ.

గఫూర్ సార్ ప్లేటు మూత తీసి, వంగి కాసేపు చూశారు. బాగా పెంచినావమ్మా అన్నారు. అని, సన్నటి తీగ కొసతో ఆ పిల్ల నత్తలను ఒక్కొక్కటిగా ఎత్తి, చిన్న గాజు గొట్టంలో ఉన్న నీళ్ళలో వేశారు. పిప్పెట్టుతో ఆ నీళ్ళను పైకి పీల్చి, కిందికి వదిలి, మళ్ళీ పీల్చి, మళ్ళీ వదిలారు. నత్తలు విరిగాయి. విరిగి, ముక్కలై, ముక్కలు కూడా విడిపోయి నీళ్ళు గంజి తేటలా అయ్యాయి. ఎంతో కష్టపడి ఒక్కటైన కణాలు మళ్ళీ ఎవరికి వాళ్ళయిపోయాయి.

"సార్, అది నా ఫొటో ప్లేటు," అంది సుభద్ర.

"తెలుసమ్మా."

ఆయన బ్యాక్టీరియా దట్టంగా పరిచిన కొత్త ప్లేటు ఒకటి తీసుకుని, ఆ నీళ్ళను దాని మీద పోసి, మూత పెట్టి, ఏసీ గదిలో ఆమె అరలోనే పెట్టి వచ్చారు.

"ఈ ఒక్క పొద్దు ఆగు," అన్నారు. "రేపు కూడా నీకు అట్లనే అనిపిస్తే నన్ను అడగాల్సిన పని లేదు. పంపుకో."

హాస్టల్‌లో ఆమె మంచం మీద పడి గోడ వైపు తిరిగింది. తిట్టి ఉంటే ఒక బాధ. ఇలా నోరు విప్పకుండా, కళ్ళెదుటే, తాను చేత్తో పెంచినదాన్ని నలిపేయడం ఏమిటి. మాటకు మాట చెప్పలేక కక్ష తీర్చుకున్నారా? ఆయన అలాంటి మనిషి కాదని ఆమెకు తెలుసు. తెలిసే కొద్దీ ఏడుపు ఎక్కువైంది. అమ్మ ఫోన్ చేసింది, ఎత్తలేదు. పేపరు ఎలాగూ రాసే ఉంది, పాత ఫొటోతోనే పంపేస్తానని అనుకుంది. అలా అనుకున్నాక కూడా నిద్ర పట్టలేదు. ఎప్పుడొచ్చింది అన్న ఆ ప్రశ్న చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

పొద్దున మెస్సు తలుపులు తీయకముందే ఆమె ల్యాబుకు వచ్చేసింది. సార్ అప్పటికే వచ్చి ఉన్నారు. నిన్నటి ప్లేటు మైక్రోస్కోపు కింద ఉంది. ఆయన లేచి, తాను కూచున్న స్టూలు ఆమెకు జరిపారు.

పలకరించమ్మా అన్నారు.

ఆమె ముభావంగానే కూచుంది. కన్ను ఆనించి, చక్రం తిప్పి, చూపు కుదుర్చుకుంది. కణాలు కనిపించాయి. ఎక్కడి కణాలు అక్కడ, విడివిడిగా, తీరిగ్గా తిరుగుతున్నాయి. ఒకటి ఒళ్ళంతా సాగదీసి ముందుకు జరిగింది. ఒకటి బ్యాక్టీరియా గుంపును రెండు వైపుల నుంచీ చుట్టుకుని మెల్లగా లోపలికి తీసేసుకుంది. ఒక మూల ఇంకొకటి నడుం సన్నబడి, సన్నబడి, రెండై, ఆ రెండూ తలా ఒక దారిన పోయాయి. నిన్న ఇవన్నీ ఒకే ఒంట్లో ఉన్నాయంటే ఎవరూ నమ్మరు. సుభద్ర చక్రం మీది నుంచి చెయ్యి తీసేసింది. వచ్చిన పని మర్చిపోయి అలా చూస్తూనే ఉండిపోయింది. ప్రాణంతో ఉన్నవాటిని ఆమె ఇంతసేపు చూసి ఎంత కాలమైందో. వెనక బెంచీలో కూచుని ఏడ్చిన పిల్ల ఆ మధ్య ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఏం చేస్తాండాయమ్మా అని అడిగారు సార్.

"తింటాండాయి సార్."

కాడ కట్టే పని ఏమైనా చేస్తాండాయా అని అడిగారు.

లేదంది. తిండి ఉన్నంత కాలం ఆ జీన్ పనిచేయదు కదా అంది. ఆ ముక్క తీసేసినా చేయదా అని ఆయన అడిగారు. తీసేసినా చేయదు, అది తానే చూసింది, ఎప్పుడూ ఆకలి ఎరగని కణాలకు మందు వేస్తే తెల్లగానే ఉన్నాయి, పేపరులో కూడా రాసింది అని చెప్పింది. ఈసారి ఆమె గొంతులో కొంచెం మొండితనం ఉంది. ఆ మాట వరకూ ఆమెను ఎవరూ కాదనలేరు.

"అయితే వీటికి మందు వెయ్యి," అన్నారాయన.

సుభద్ర ఆ కణాలను కొన్ని తీసి గాజు పలక మీద పరిచింది. ఇంకో పలక మీద, అదే ముక్క తీసేసినవే, ఎప్పుడూ తిండికి లోటు లేకుండా పెరిగిన కణాలను పరిచింది. అది ఆయన అడగలేదు. చేతికి అలవాటైన పని, చేసింది. రెండింటినీ బిగించి, మందు పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టింది. రంగు తేలేదాకా చేయడానికేమీ లేదు. సార్ తొట్టి దగ్గర నిలబడి, ఎవరో వదిలేసిపోయిన గాజు సామాను కడగడం మొదలుపెట్టారు. ఆమె తాను కడుగుతానని లేవబోయింది, ఆయన కూచోమని చెయ్యి ఊపారు.

రంగు తేలింది. మొదట ఎప్పుడూ తింటూ పెరిగిన కణాలను చూసింది. తెల్లగా ఉన్నాయి, అనుకున్నట్టే. తర్వాత రెండో పలక పెట్టింది.

అన్నీ నీలం.

కొన్ని ముదురు, కొన్ని లేత. తింటూ పట్టుబడినవి, రెండుగా విడిపోతూ పట్టుబడినవి, అన్నీ నీలమే. ఇందాక ఆమె కళ్ళతో చూసిన కణాలే ఇవి. వీటిలో ఆ జీన్ ఎప్పుడో ఆగిపోయింది. ఇందాక ఇవి కాడ కట్టడం లేదు, బీజం కావడం లేదు. కడుపు నింపుకుంటున్నాయి, అంతే. అయినా నీలం.

సుభద్రకు మెల్లగా, కాళ్ళ కింది నుంచి నీళ్ళు వచ్చినట్టు, అర్థమవుతూ వచ్చింది. జీన్ పనిచేసినప్పుడు ఎంజైము పుడుతుంది. జీన్ ఆగినప్పుడు ఎంజైము వెంటనే పోదు. చాలా కాలం అక్కడే ఉంటుంది. కణం మనసు మార్చుకున్నా, దారి మార్చుకున్నా, అది మాత్రం అంటిపెట్టుకుని ఉంటుంది. మందు పోసినప్పుడు నీలం పడితే, ఈ కణం ఎప్పుడో ఒకప్పుడు ఆ పని చేసిందని మాత్రమే దానర్థం. ఇప్పుడు చేస్తోందని కాదు.

అంటే ఆ ముక్క తీసేసినప్పుడు, కణాలన్నీ కుప్పపడుతున్న మొదటి ఘడియల్లోనే, ఎవరు ఏమవ్వాలో ఇంకా తేలకముందే, అన్నిట్లోనూ ఆ జీన్ తొందరపడి ఉండొచ్చు. తర్వాత బీజాలు కావలసినవి ఆ పని మానేసి తమ దారిన తాము పోయి ఉండొచ్చు. వాటి మీద నీలం మాత్రం ఉండిపోయింది. ఆ ముక్క బీజాలకు 'వద్దు' అని చెప్పడం లేదేమో. అందరికీ 'ఇంకా కాదు, ఆగు' అని చెబుతోందేమో. అదైనా ఊహే. తొందరగా చెరిగిపోయే ఎంజైముతో అంతా మళ్ళీ మొదటి నుంచి చూడాలి. అప్పటికి బెంగళూరు అయిపోతుంది. పుణేవాళ్ళు ముందుకు పోతే పోతారు.

"అయితే సార్, ఆ బొట్టులో నీలం..." అని ఆమె ఆగిపోయింది.

గఫూర్ సార్ వచ్చి, వంగి, తానూ ఒకసారి మైక్రోస్కోపులోకి చూశారు.

"నీలం నిన్నటిదమ్మా," అన్నారు. "ఆకలి ఈ పొద్దుది."

అని మళ్ళీ తొట్టి దగ్గరికి వెళ్ళారు.

సుభద్ర ఏడ్చింది. దాచుకోలేదు. పేపరు కోసం కొంత ఏడ్చింది, నీలి బొట్టు ఫొటో కోసం కొంత ఏడ్చింది. ఆ ఫొటో అబద్ధం కాదు, తానే దానికి లేని మాట అంటగట్టింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కన్ను ఆనించి ఆ నీలి కణాలను చూసింది. వాటిని చూస్తుండగా ఏడుపు ఆగిపోయింది. ఇంకేదో గుర్తొచ్చి, ఆమె ముఖం చిన్నబోయింది.

తలెత్తి చూసింది. ఆయన అటు తిరిగి నిలబడి ఉన్నారు. చొక్కా వీపంతా చెమటతో తడిసింది. గాజు గ్లాసొకటి కడిగి, వెలుతురుకు పట్టుకుని, మరకేమైనా ఉందా అని చూసి, బోర్లించారు.

"సార్," అంది సుభద్ర. "నిన్న నేను అన్న మాట..."

ఆయన కొళాయి కట్టేశారు. చేతులు దులుపుకుంటూ ఇటు తిరిగారు.

"ఈ పొద్దు అన్నం తిన్నావామ్మా?" అని అడిగారు.